అలెక్ మెక్‌నెయిర్‌ది అంత గొప్ప డిఫెన్స్ అని ఎందుకంటారు?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. వందేళ్ల కిందటి స్కాట్లాండ్ ఫుట్‌బాల్‌లో డిఫెండర్ పనంటే బంతిని దూరంగా బాదేయడమే కదా, అలాంటప్పుడు గ్లాస్గో క్లబ్ సెల్టిక్‌కి ఆడిన రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండర్) అలెక్ మెక్‌నెయిర్‌ని ఇప్పటికీ అంతగా ఎందుకు చెప్పుకుంటారన్నది మొదటిది. అతన్ని ఈ కాలపు డిఫెండర్లతో పోల్చొచ్చా అన్నది రెండోది.

నేను చాలా ఏళ్లు డిఫెన్స్‌లో ఆడాను, ఇప్పుడు పిల్లలకు అదే నేర్పిస్తున్నాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాత ఆటగాడు మెక్‌నెయిరే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

బంతిని బాదేసే బ్యాకులు ఆ రోజుల్లో ఉన్న మాట నిజమే. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది కూడా వాళ్లకే. మెక్‌నెయిర్ ఆ కోవకు చెందడు. అవతలివాడు ఏం చేయబోతున్నాడో ముందే గ్రహించి, పరుగెత్తాల్సిన అవసరం రాకుండా సరైన చోట నిలబడటం అతని పద్ధతి. ఎంత ఒత్తిడిలోనూ చలించడని అతనికి 'ఐసికిల్', అంటే మంచు కడ్డీ, అనే పేరు పడింది. అయితే ఆ పద్ధతి అప్పట్లో అంత బాగా ఎలా పనిచేసిందో తెలియాలంటే ముందు అప్పటి రూల్స్ తెలుసుకోవాలి. పాత ఆటగాళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఈ పని చేయకుండానే కప్పుల లెక్క మొదలుపెడతారు.

అప్పటి జట్లు 2-3-5 పద్ధతిలో ఆడేవి. గోల్‌కీపర్ ముందు ఇద్దరు ఫుల్ బ్యాకులు, వాళ్ల ముందు ముగ్గురు హాఫ్ బ్యాకులు, ఆపైన ఐదుగురు ఫార్వర్డులు. ఐదుగురు మీదికి వస్తుంటే ఇద్దరే ఎలా ఆపుతారని మనకు అనిపిస్తుంది. దానికి జవాబు ఆఫ్‌సైడ్ రూల్‌లో ఉంది, అంటే ప్రత్యర్థులను దాటి గోల్ దగ్గర ముందే నిలబడి పాస్ అందుకోకూడదనే రూల్. ఇప్పుడు బంతి అందుకునేవాడికీ గోల్ లైన్‌కీ మధ్య ప్రత్యర్థులు ఇద్దరుంటే చాలు. 1925 వరకు ముగ్గురు ఉండాల్సిందే. గోల్‌కీపర్, ఇద్దరు బ్యాకులు కలిస్తే సరిగ్గా ముగ్గురు. అంటే బ్యాకుల్లో ఒక్కడు సరైన క్షణంలో నాలుగడుగులు ముందుకేస్తే చాలు, అతన్ని దాటి నిలబడ్డ ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్ అయిపోతాడు. ఒకవేళ లెక్క తప్పినా రెండో బ్యాక్ వెనకే కాపలాగా ఉంటాడు. ఈ రోజు లైన్ మొత్తం కలిసి కదలాల్సిన పనిని అప్పట్లో ఒక్క మనిషి చేయగలిగేవాడు. అందుకే ఆ కాలంలో తెలివైన బ్యాక్ ఒకడు జట్టులో ఉంటే దాని విలువ ఇప్పటికంటే చాలా ఎక్కువ.

రూల్స్ కూడా అతని కెరీర్ పొడవునా మారుతూనే వచ్చాయి. 1907కి ముందు సొంత సగంలో ఉన్నవాడు కూడా ఆఫ్‌సైడ్ కావచ్చు, ఆ ఏడాది అది పోయింది. 1912 దాకా గోల్‌కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో ఆడొచ్చు, ఆ తర్వాత పెనాల్టీ బాక్సుకే పరిమితం చేశారు. 1920లో త్రో-ఇన్‌కి ఆఫ్‌సైడ్ లేకుండా చేశారు. ఇవన్నీ డిఫెండర్ నిలబడే చోటును నేరుగా మార్చేసేవే. మెక్‌నెయిర్ సెల్టిక్‌లో చేరింది 1904లో, ఆపేసింది 1925లో. ఈ మార్పులన్నీ దాటుకుంటూ 21 ఏళ్లు ఒకే క్లబ్బులో నిలిచాడు, 600కి పైగా మ్యాచ్‌లు ఆడాడు.

అతని ఊరు ఫోర్త్ నది ఒడ్డునున్న బోనెస్. స్టెన్‌హౌస్‌మ్యూర్ అనే చిన్న క్లబ్బు నుంచి సెల్టిక్ అతన్ని తెచ్చుకుంది. అప్పుడు సెల్టిక్‌ని నడిపిన విల్లీ మేలీ పేరున్న ఆటగాళ్లను డబ్బు పోసి కొనడం మానేసి, చిన్న క్లబ్బుల నుంచి కుర్రాళ్లను తెచ్చి కలిపి ఆడించడం మొదలుపెట్టాడు. (ఈ మేలీయే 1936లో మన కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీంకి కాళ్లకు బూట్లు లేకుండా, పట్టీలు కట్టుకుని సెల్టిక్ తరఫున ఆడే అవకాశమిచ్చింది. అప్పటికీ మేనేజర్ ఆయనే!)

మెక్‌నెయిర్ వచ్చీ రాగానే రైట్ బ్యాక్ అయిపోలేదు. మొదటి కొన్నేళ్లు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆడాడు. 1907 స్కాటిష్ కప్ ఫైనల్లో హార్ట్స్ మీద సెల్టిక్ 3-0తో గెలిచినప్పుడు అతను సెంటర్ హాఫ్. అప్పటి సెంటర్ హాఫ్ అంటే ఈనాటిలా గోల్ ముందు కాపలా కాసే స్టాపర్ కాదు, మైదానం నడిమధ్యన నిలబడి దాడినీ కాపలానీ రెండిటినీ నడిపేవాడు. ఆ చోట ఆడినవాడికి ఆట మొత్తం ముందు నుంచి కనిపిస్తుంది. హాఫ్ బ్యాక్‌కి బంతి ఎలా అందితే సుఖంగా ఉంటుందో, ఎలా అందితే చిరాకు పుడుతుందో తెలుస్తుంది. తర్వాత రైట్ బ్యాక్‌లో అతను చూపించిన నేర్పు చాలావరకు ఇక్కడ పుట్టిందనే నా నమ్మకం. నా దగ్గరికొచ్చే పిల్లల్లో డిఫెండర్ కాబోయేవాళ్లను కూడా మొదట మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడిస్తాను, కారణం ఇదే.

1908 నాటికి జట్టు ఒక రూపానికి వచ్చింది. గోల్‌లో ఆడమ్స్, బ్యాకులు మెక్‌నెయిర్, వియర్, వాళ్ల ముందు యంగ్, లోనీ, హే. ఆ సీజన్‌లో సెల్టిక్ లీగ్‌తో పాటు స్కాటిష్ కప్, గ్లాస్గో కప్, చారిటీ కప్ కూడా, అంటే ఆడిన పోటీలన్నీ గెలిచింది. లీగ్ అయితే 1905 నుంచి 1910 వరకు వరసగా ఆరుసార్లు.

ఆ ఆరింట్లో 1909 టైటిల్ గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఏడాది కప్ ఫైనల్ రేంజర్స్‌తో రెండుసార్లు డ్రా అయింది. రెండో మ్యాచ్ తర్వాత ఎక్స్‌ట్రా టైమ్ ఉంటుందనుకున్న జనం, లేదని తెలిసి హ్యాంప్‌డెన్ మైదానంలోకి దూకి గోల్ పోస్టులు పీకేశారు, నిప్పు పెట్టారు, మంటలార్పడానికి వచ్చినవాళ్ల గొట్టాలు కూడా కోసేశారు. కప్పు ఎవరికీ ఇవ్వలేదు. ఈ గొడవ అందరూ రాస్తారు. ఆ వెంటనే జరిగినదాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. వెనకబడిపోయిన లీగ్ మ్యాచ్‌లన్నీ కుప్పపడి, సెల్టిక్ 12 రోజుల్లో 8 మ్యాచ్‌లు ఆడాల్సి వచ్చింది. సబ్‌స్టిట్యూట్లు లేని రోజులవి, దెబ్బ తగిలినా కుంటుకుంటూ ఆడాల్సిందే. అలా ఆడి డండీ కంటే ఒక్క పాయింట్ ఎక్కువతో టైటిల్ గెలిచారు. ప్రతి బంతి వెనకా పరుగెత్తే డిఫెండర్ ఆ 12 రోజులు తట్టుకోలేడు. ఒళ్లు దాచుకోకుండానే శక్తిని మిగుల్చుకోవడం ఒక విద్య, అది మెక్‌నెయిర్‌కి వచ్చు.

ఇక అతని ఆట దగ్గరికి వస్తాను. అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది బ్యాక్‌పాస్ గురించి, అంటే బంతిని వెనక్కి సొంత గోల్‌కీపర్‌కే ఇవ్వడం.

1913లో లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ నుంచి చార్లీ షా అనే గోల్‌కీపర్ సెల్టిక్‌కి వచ్చాడు. పొట్టివాడు, కానీ చురుకైనవాడు. అతనికీ మెక్‌నెయిర్‌కీ భలే కుదిరింది. వింగర్ (మైదానం అంచున ఆడే ఫార్వర్డ్) తరుముకొస్తుంటే మిగతా బ్యాకులు బంతిని స్టాండ్లలోకో అవతలి సగంలోకో కొట్టేవాళ్లు. మెక్‌నెయిర్ నెమ్మదిగా తిరిగి షాకి ఇచ్చేసేవాడు. షా దాన్ని చేత్తో పట్టుకుని ఖాళీగా ఉన్నవాడికి వేసేవాడు. జట్టు బంతిని పోగొట్టుకోకుండానే గండం గట్టెక్కేది.

ఇందులో ఏముంది అనుకోకండి. అప్పటి గోల్‌కీపర్‌కి ఇప్పటిలా రక్షణ లేదు. బంతి చేతిలో ఉండగా ఫార్వర్డ్ వచ్చి భుజంతో గుద్ది, బంతితో సహా గోల్లోకి నెట్టేసినా అది రూల్స్ ప్రకారం సరైనదే. కాబట్టి షాకి వేసే పాస్ ఒక్క క్షణం ఆలస్యంగా చేరినా, అతన్ని తప్పుడు వైపుకు తిప్పినా, మీదికొచ్చే సెంటర్ ఫార్వర్డ్‌కి అది పండగే. పైగా ఆ బంతి తోలుది, మీద తాళ్లతో కుట్టు. గ్లాస్గో చలికాలపు వానలో నీళ్లు పీల్చుకుని బరువెక్కిపోయేది, బురదలో మధ్యలోనే ఆగిపోయేది. కాళ్లకు చీలమండలు కప్పే బరువు బూట్లు. అలాంటి బంతిని, అలాంటి నేల మీద, వెనక్కి, సరైన వేగంతో, గోల్ పోస్టుల మధ్యకు కాకుండా కొంచెం పక్కకు వేయాలి. పొరపాటు జరిగినా సొంత గోల్ కాకూడదన్న జాగ్రత్త అది. చూసేవాడికి గుండె ఆగిపోయేలా ఉంటుంది, వేసేవాడు తొణక్కూడదు.

నేను ఇది పిల్లలతో చేయించి చూశాను. తడిసిన గడ్డి మీద, ఒకడు వెనక నుంచి తరుముతుంటే, కీపర్ కుడి చేతి వైపుకు పాస్ వేయమంటాను. మొదట్లో సగం మంది బంతిని కీపర్ కాళ్ల కిందకే కొడతారు, మిగతా సగం మెల్లగా వేసి ఫార్వర్డ్‌కి అప్పగిస్తారు. కుదిరేవాడు ఎవడని చూస్తే, బంతి తన దగ్గరికి రాకముందే ఒకసారి తల తిప్పి కీపర్ ఎక్కడున్నాడో చూసుకున్నవాడు. మెక్‌నెయిర్ తొందరపడనట్టు కనిపించడానికి అసలు కారణం ఇదేనని నాకు అనిపిస్తుంది. నిర్ణయం ముందే అయిపోయి ఉంటే కాలికి హడావుడి ఉండదు.

రెండోది, అతను ట్యాకిల్‌కి తొందరపడేవాడు కాదు. వింగర్‌ని లోపలికి రానివ్వకుండా, అలా టచ్‌లైన్ వైపుకు జరుపుకుంటూ పోయి, ఇక దారి లేదన్నప్పుడు బంతి తీసుకునేవాడు. అతని ముందు రైట్ హాఫ్‌లో 1917 దాకా జేమ్స్ యంగ్ ఉన్నాడు, అందరూ 'సన్నీ జిమ్' అని పిలిచే మొరటు ఆటగాడు. యంగ్ ఢీకొడతాడు, మెక్‌నెయిర్ కాచుకుని ఉంటాడు. అవతలి పక్క లెఫ్ట్ బ్యాక్ జో డాడ్స్ బలంగా, వేగంగా ఆడేవాడు. అంటే మెక్‌నెయిర్ ఒక్కడే గొప్ప అని కాదు, అతని నెమ్మది చుట్టూ అతికినట్టు సరిపోయే మనుషులు దొరికారు.

ఫలితం అంకెల్లో చూడండి. 1913-14 సీజన్‌లో సెల్టిక్ 38 లీగ్ మ్యాచ్‌లు ఆడి తిన్న గోల్స్ 14. మళ్లీ చెబుతున్నాను, 38 మ్యాచ్‌లకు 14. షా, మెక్‌నెయిర్, డాడ్స్ అనే మూడు పేర్లను గ్లాస్గోలో ఒకే ఊపిరిలో కలిపి చెప్పుకోవడం అక్కడి నుంచే. 1916-17లో 38 మ్యాచ్‌లకు 17 గోల్స్. 1914 నుంచి 1917 వరకు వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు. ఒక డిఫెండర్ విలువను అతని కప్పులతో కన్నా, ఒకే చోట ఆడినన్నాళ్లూ జట్టు ఎన్ని గోల్స్ తిన్నదన్న లెక్కతో కొలవడం మేలు. కప్పులు ఫార్వర్డుల వల్ల కూడా వస్తాయి.

ఈ గెలుపుల మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం ఉంది. స్కాటిష్ లీగ్ ఆటగాళ్ల జీతాన్ని వారానికి ఒక పౌండుకు తగ్గించేసింది. ఆడేవాళ్లు ఓడల యార్డుల్లోనో, ఆయుధాల పనుల్లోనో, గనుల్లోనో వారమంతా కష్టపడి శనివారం వచ్చి ఆడాలి. వారం మధ్యలో మ్యాచ్‌లు పెట్టే వీలు లేదు. అందుకే 1916 ఏప్రిల్ 15న సెల్టిక్ ఒకే రోజు రెండు లీగ్ మ్యాచ్‌లు ఆడింది. మధ్యాహ్నం సొంత మైదానంలో రైత్ రోవర్స్ మీద 6-0, ఆ వెంటనే మదర్‌వెల్ ఊరు వెళ్లి సాయంత్రం వాళ్ల మీద 3-1. రెండూ గెలిచి ఆ రోజే టైటిల్ ఖాయం చేసుకున్నారు.

1915 నవంబర్ 13న హార్ట్స్ చేతిలో ఓడిన తర్వాత 1917 ఏప్రిల్ 21 దాకా సెల్టిక్ లీగ్‌లో మళ్లీ ఓడలేదు. 62 మ్యాచ్‌లు, అందులో 49 గెలుపులు, 13 డ్రాలు. ఆ వరసను చివరికి తెంచింది కిల్మార్నాక్, అదీ సెల్టిక్ సొంత మైదానంలోనే, 2-0తో. ఈ 62 రికార్డు వందేళ్లు నిలబడింది. 2017 నవంబర్‌లో దాన్ని దాటింది కూడా సెల్టిక్ జట్టే. యుద్ధకాలం కాబట్టి పోటీ తక్కువని కొందరంటారు. ఆ వాదన నేను పూర్తిగా ఒప్పుకోను. సైన్యంలోకి ఆటగాళ్లు వెళ్లిపోవడం అన్ని క్లబ్బుల్లోనూ జరిగింది. హార్ట్స్‌కి ఎక్కువ నష్టం జరిగిందన్నది నిజం, అది గౌరవంగా గుర్తు చేసుకోవాల్సిన సంగతి. కానీ 14 గోల్స్ సీజన్ యుద్ధానికి ముందుదే కదా.

దేశం తరఫున అతను ఆడింది 15 మ్యాచ్‌లు, 1906 నుంచి 1920 వరకు. ఈ అంకె చూసి "ఇంతేనా" అనకండి. అప్పట్లో స్కాట్లాండ్‌కి ఏడాదికి మూడే మ్యాచ్‌లు, ఇంగ్లండ్, వేల్స్, ఐర్లాండ్‌లతో. యుద్ధం వల్ల మధ్యలో ఐదేళ్లు అధికారిక మ్యాచ్‌లే లేవు, అవి అతని ఆట బాగా పండిన ఏళ్లు. 1920లో షెఫీల్డ్‌లో ఇంగ్లండ్‌తో ఆడినప్పటికి 35 దాటాడు. ఆ మ్యాచ్‌లో స్కాట్లాండ్ విరామ సమయానికి 4-2తో ముందుండి, చివరికి 5-4తో ఓడిపోయింది. గొప్ప డిఫెండర్ ఉన్న జట్టు కూడా ఒక్కోసారి అలా కుప్పకూలుతుంది. అతని గురించి రాసేటప్పుడు ఈ మ్యాచ్‌ని దాచిపెట్టడం నాకు నచ్చదు.

ఇక్కడే అతనితో అదే చోటు కోసం పోటీ పడ్డ ఇంకొకరి గురించి కూడా చదవమంటాను. అబర్డీన్ రైట్ బ్యాక్ డొనాల్డ్ కోల్మన్. 1907లో మదర్‌వెల్ క్లబ్ వదిలేసుకున్నాక, ముప్పై దగ్గరపడుతున్న వయసులో అబర్డీన్‌కి వచ్చి, 1920 దాకా ఆడి, స్కాట్లాండ్‌కి నాలుగుసార్లు ఎంపికయ్యాడు. తర్వాత 1930ల్లో అదే క్లబ్బుకు కోచ్‌గా వచ్చినప్పుడు, ఆటగాళ్ల పాదాల కదలికను దగ్గరగా చూడాలని పిట్టోడ్రీ మైదానం అంచున నేలను లోతుగా తవ్వించి, పైన కప్పు వేయించుకుని అందులో కూర్చునేవాడు. ఇప్పుడు ప్రతి స్టేడియంలో కోచ్‌లు కూర్చునే డగౌట్ అలా పుట్టింది. ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్ వాళ్లు అక్కడికి ఆడటానికి వెళ్లినప్పుడు చూసి తమ ఊళ్లో కట్టుకున్నారు, అక్కడి నుంచి అంతటా పాకింది. ఆ కాలపు బ్యాకులకు బుర్ర వాడటం తెలియదనేవాళ్లకు నేను మొదట చెప్పేది కోల్మన్ పేరే.

మెక్‌నెయిర్ చివరి ఏళ్లు నాకు మరీ ముచ్చటగా అనిపిస్తాయి. 1920లో రేంజర్స్‌కి అలన్ మోర్టన్ వచ్చాడు. ఆ తరం లెఫ్ట్ వింగర్లలో అతన్ని మించినవాడు లేడు. లెఫ్ట్ వింగర్‌ని ఆపాల్సింది రైట్ బ్యాక్. అంటే తనకంటే పదేళ్లు చిన్నవాడైన మోర్టన్‌ని, నలభైకి చేరువవుతున్న మెక్‌నెయిర్ ఆపాలి. పరుగులో పోటీ పెట్టుకుంటే ఓటమే. అందుకని మోర్టన్ తిరగబోయే వైపుకు ముందే చేరుకోవడం తప్ప వేరే మార్గం లేదు. 1919, 1922 లీగ్ టైటిళ్లు కూడా గెలిచాక, 1923 స్కాటిష్ కప్ ఫైనల్లో హిబర్నియన్ మీద 1-0తో గెలిచిన జట్టులోనూ రైట్ బ్యాక్ అతనే. పక్కన ఆడినవాళ్లు కొందరు అతను సెల్టిక్‌లో చేరేనాటికి చిన్నపిల్లలు.

1925లో ఆట మానేసి డండీ క్లబ్బుకు మేనేజర్‌గా వెళ్లాడు. ఆ ఏడాది కప్ ఫైనల్లో సెల్టిక్ ఓడించింది ఆ డండీనే. అక్కడ 1927 దాకా ఉన్నాడు. ఆటగాడిగా వెలిగినంతగా ఆ పనిలో వెలగలేదు.

సరిగ్గా అతను ఆడటం ఆపేసిన వేసవిలోనే ఆఫ్‌సైడ్ రూల్ మారింది. ముగ్గురి బదులు ఇద్దరుంటే చాలన్నారు. ఆ ప్రతిపాదన తెచ్చింది స్కాట్లాండ్ ఫుట్‌బాల్ సంఘమే. న్యూకాసిల్‌కి ఆడిన ఐరిష్ బ్యాక్ బిల్ మెక్‌క్రాకెన్ లాంటివాళ్లు ఆఫ్‌సైడ్ ఉచ్చును ఒక కళగా మార్చేసి, ఆటను మాటిమాటికీ ఆపించడంతో జనం విసిగిపోయారు. రూల్ మారగానే గోల్స్ వరదలా వచ్చాయి. దాన్ని ఆపడానికి సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి మూడో బ్యాక్‌గా పెట్టారు, ఇద్దరు ఫుల్ బ్యాకులు పక్కలకు జరిగారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఇప్పటి రైట్ బ్యాక్‌లతో మెక్‌నెయిర్‌ని పోల్చకూడదు. వాళ్ల పనిలో సగం దాడే. అవతలి మూల దాకా పరుగెత్తి క్రాస్ వేసి మళ్లీ వెనక్కి రావాలి. అతను ఆ పని ఎప్పుడూ చేయలేదు, ఎవరూ చేయమనలేదు. అతని పని రూల్ మారాక సెంటర్ బ్యాక్‌లకు బదిలీ అయింది. కాబట్టి పోల్చాలంటే సెంటర్ బ్యాక్‌లతో, అందులోనూ వెనక నుంచి పాస్‌లతో ఆట కట్టేవాళ్లతో పోల్చండి. ఇప్పటి జట్టులో నేను అతన్ని పెట్టాల్సి వస్తే, ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల్లో కుడివైపు పెడతాను. పక్కన డాడ్స్ లాంటి వేగమున్నవాడు ఉండాలి. 1992 తర్వాత గోల్‌కీపర్ బ్యాక్‌పాస్‌ని చేత్తో పట్టకూడదు కాబట్టి, గోల్‌లో కాలితో ఆడటం వచ్చినవాడు కావాలి. ఆ రెండూ ఉంటే మిగతాది అతనే చూసుకుంటాడు.